గేటు తెరుచుకోలేదని ఒక్కరే చెప్పారు

పోయిన నవంబర్‌లో మా క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో ఒక లింక్ పెట్టాను. నేను చేసిన మొదటి గేమ్. పేరు 'చిక్కుముడి'. ఎనిమిది నెలలు రాత్రుళ్ళు కూర్చుని చేశాను. ఇంటర్నల్స్ మార్కులు చూస్తే ఆ విషయం ఎవరికైనా తెలిసిపోతుంది. లింక్ పెట్టిన గంటలో నిప్పు ఎమోజీలు వరసపెట్టి వచ్చాయి. "ఇరగదీశావ్ మామా." "నెక్స్ట్ లెవెల్ రా." ఒకడైతే "క్లైమాక్స్ కేక" అన్నాడు. నాలుగు రోజులు నేను నేల మీద నడవలేదు.

ఐదో రోజు ఫస్టియర్ ఈసీఈ జూనియర్ ఒకమ్మాయి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది.

"అన్నా, లైబ్రరీ గేటు తెరుచుకోవట్లేదు. ఇరవై నిమిషాలు దాని చుట్టూ తిరిగాను. నాకే ఆడటం రావట్లేదేమో అనుకుని చెప్పలేదు. రెండ్రోజులాగి మళ్ళీ ట్రై చేశా, అయినా రాలేదు. సారీ అన్నా."

వెంటనే లాప్‌టాప్ తీసి మొదటి నుంచి ఆడాను. నిజమే. గేటు తెరుచుకోవట్లేదు. ఆ గేటు తెరుచుకోవాలంటే వాచ్‌మన్‌తో మాట్లాడాలి, అప్పుడు ఒక స్విచ్ ఆన్ అవుతుంది. వాచ్‌మన్ బొమ్మ బాగా రాలేదని, తర్వాత మళ్ళీ గీద్దామని, అక్టోబర్‌లో నేనే మ్యాప్‌లోంచి తీసేశాను. తర్వాత మర్చిపోయాను. టెస్ట్ చేసినప్పుడల్లా టైమ్ కలిసొస్తుందని లైబ్రరీ లోపలి నుంచే మొదలుపెట్టేవాణ్ణి. కాబట్టి గేటు నాకెప్పుడూ అడ్డం రాలేదు.

అంటే లింక్ నొక్కినవాళ్ళలో ఏ ఒక్కరూ ఎనిమిది నిమిషాల ఆట దాటి ముందుకు వెళ్ళే అవకాశమే లేదు. క్లైమాక్స్ కేక అన్నవాణ్ణి నేనిప్పటిదాకా ఏమీ అడగలేదు. ఇది చదివితే వాడికే తెలుస్తుంది.

గేమ్ గురించి కొంచెం చెప్పాలి. నేను అశోక్ నగర్‌లో మా అన్నతో కలిసి ఒక రూమ్‌లో ఉంటాను. అన్న గ్రూప్-1కి ప్రిపేర్ అవుతున్నాడు. పొద్దున్నే నారాయణగూడ వైఎంసీఏ దగ్గర నేను కాలేజీ బస్సెక్కుతాను, అన్న బ్యాగ్‌లో అన్నం డబ్బా పెట్టుకుని చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి నడుస్తాడు. అశోక్ నగర్ చూడనివాళ్ళకు ఒక్క ముక్కలో చెప్పడం కష్టం. ఏ గోడ చూసినా కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ, ఏ గల్లీ చూసినా జిరాక్స్ షాపు, దాని పక్కన కర్రీ పాయింట్, దాని మీద మూడంతస్తుల హాస్టల్. టీ బండి దగ్గర నిలబడితే ఒక పక్క ఆర్టికల్ 356, ఇంకో పక్క కాకతీయుల చెరువులు వినపడతాయి. లైబ్రరీలో కుర్చీ దొరకనివాళ్ళు చెట్ల కింద, మెట్ల మీద కూర్చుని చదువుతుంటారు.

రోల్ ప్లేయింగ్ గేమ్ అనగానే అందరూ కత్తులు, డ్రాగన్లు అనుకుంటారు. నాకు మా గల్లీ కనపడింది. హీరో ఒక ఆస్పిరెంట్. రూమ్‌లో నిద్రలేచి, ఐదొందల రూపాయలతో నెల గడపాలి, లైబ్రరీలో కుర్చీ పట్టాలి, చదివిన కొద్దీ ఎక్స్‌పీరియన్స్ పాయింట్లు పెరిగి లెవల్ పెరగాలి. శత్రువులు: నిద్ర, ఫోన్, 'పెళ్ళెప్పుడు బాబూ' అనే దూరపు బాబాయి. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ వైపు వెళ్తే సినిమా టికెట్‌కి డబ్బులు పోతాయి కానీ ఓపిక పెరుగుతుంది. ముప్పయ్యో లెవల్‌లో ఆఖరి బాస్, పరీక్ష. గెలిస్తే పోస్టింగ్.

ఆర్పీజీ మేకర్ ఎమ్‌వీలో చేశాను, స్టీమ్ సేల్‌లో కొన్నది. దాంతో వచ్చే బొమ్మలన్నీ ఎక్కడో మంచు కురిసే ఊళ్ళలోవి. పెంకుల ఇళ్ళు, ద్రాక్ష పీపాలు, కోటగోడలు. మిర్చి బజ్జీ బండి, టు-లెట్ బోర్డు, మెట్రో పిల్లర్ నేనే గీసుకోవాల్సి వచ్చింది. అంతకన్నా పెద్ద తలనొప్పి తెలుగు. ఈ ఇంజన్ డైలాగుని ఒక్కో క్యారెక్టర్ చొప్పున తెరమీద గీస్తుంది, టైప్ చేస్తున్నట్టు కనపడటానికి. ఇంగ్లిష్‌కి అది చక్కగా కుదురుతుంది. మన గుడులు, కొమ్ములు, పొల్లులు యూనికోడ్‌లో విడివిడి క్యారెక్టర్లు కదా, 'చిక్కడపల్లి' అని రాస్తే గుడి ఒకచోట, పొల్లు ఒకచోట చుక్కల సున్నాల మీద అనాథల్లా కూర్చున్నాయి. ఆ జావాస్క్రిప్ట్ ఫంక్షన్‌ని తిరగరాసి, మాట మొత్తాన్ని ఒకేసారి గీసేలా చేయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. తెలుగులో గేమ్ చేస్తున్న ఇంకెవరైనా ఉంటే నన్ను అడగండి, ఆ ఫైల్ ఇస్తాను.

అక్షరాల గురించే ఇంకో కథ ఉంది. ఫాంట్‌ని నా లాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేశానే కానీ గేమ్ ఫోల్డర్‌లో పెట్టలేదు. మా ఫ్రెండ్ ఒకడు ల్యాబ్‌లో తెలుగు ఫాంటే లేని సిస్టమ్‌లో ఆడాడు. వాడికి మొదటి నుంచి చివరి దాకా ఉత్త డబ్బాలే కనపడ్డాయి. నెల తర్వాత మాటల్లో బయటపడింది. "మరి సూపర్ అన్నావ్ కదరా?" అంటే, "అదేదో మిస్టరీ అనుకున్నా మామా, మంచిగనే అనిపించింది" అన్నాడు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వాడు చెడ్డవాడు కాదు. నాకు జ్వరమొస్తే చిక్కడపల్లి నుంచి ఇడ్లీ పార్సిల్ తెచ్చినవాడు. నన్ను బాధపెట్టకూడదని డబ్బాలని మెచ్చుకున్నాడు.

ఇక్కడే నాకు ఒక విషయం అర్థం కాదు. మనం ఉండేది ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌కి కూతవేటు దూరంలో. సుదర్శన్‌లోనో దేవిలోనో మొదటాట చూసి బయటికొచ్చిన మనిషి ముందు మైక్ పెడితే చాలు, "ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ ల్యాగ్, మ్యూజిక్ మైనస్" అని ఊపిరి తీసుకోకుండా చెప్పేస్తాడు. వందల మంది చెమట అయిదు సెకన్లలో తేలిపోతుంది. అదే మనిషి పక్క బెంచీవాడు చేసిన గేమ్ గురించి అడిగితే నేల చూపులు చూస్తాడు. ముక్కూమొహం తెలియనివాడి మీద ఉన్న ధైర్యం తెలిసినవాడి ముందు ఉండదు. మొహమాటం. నేను కూడా తక్కువేం తినలేదు. సెకండియర్‌లో మా సీనియర్ ఒకతను చేసిన గేమ్‌ని మొదటి స్క్రీన్ చూసి మూసేసి 'అదిరింది అన్నా' అని పెట్టాను. ఆ అన్న తర్వాత ఇంకే గేమూ చేయలేదు. నా మెసేజ్ వల్లే అని అనను. కానీ అప్పుడప్పుడు గుర్తొస్తుంది.

మొహమాటం ఒక కారణమే. ఆ జూనియర్ మెసేజ్‌లో ఇంకోటి ఉంది. 'నాకే ఆడటం రావట్లేదేమో.' గేటు నా తప్పు. ఆ అమ్మాయి దాన్ని తన తప్పు అనుకుంది. సారీ కూడా చెప్పింది! ఆలోచిస్తే మనందరం అంతే. ల్యాబ్‌లో ప్రోగ్రామ్ రన్ అవ్వకపోతే మాన్యువల్‌లో తప్పుందేమో అని ఎవరం అనుకుంటాం? మనకే రాదనుకుంటాం, పక్కవాడి దగ్గర కాపీ కొట్టి సంతకం పెట్టించుకుంటాం. మాన్యువల్‌లో ఆ తప్పు తర్వాతి బ్యాచ్‌కి కూడా అలాగే పోతుంది. ఆడేవాళ్ళు చెప్పకపోవడానికి బద్ధకం కన్నా ఇదే పెద్ద కారణం అని నాకు ఇప్పుడనిపిస్తుంది. నువ్వు ఎక్కడ ఆగిపోయావో అక్కడే తప్పుందని, అది నీది కాదని, వాళ్ళకి ఎవరైనా ముందే చెప్పాలి.

అందుకని పద్ధతి మార్చాను. లింకులు పంపి 'ఎలా ఉంది' అని అడగడం మానేశాను. ఆ ప్రశ్నకి వచ్చే జవాబు 'బాగుంది' ఒక్కటే. అన్నం పెట్టి కూర ఎలా ఉందని అడిగితే చుట్టాలు ఏమంటారు? దాని బదులు లాప్‌టాప్ పట్టుకెళ్ళి పక్క రూమ్ అన్నని కూర్చోబెట్టాను. ఆయన మూడోసారి గ్రూప్-2 రాస్తున్నాడు, గేమ్‌లు ఆడే అలవాటు లేదు. నేను వెనక కూర్చున్నాను. నాకు నేను పెట్టుకున్న రూల్ ఒకటే. నోరు తెరవకూడదు.

ఎంత కష్టమో చేసి చూస్తే గానీ తెలియదు. ఆయన నేను రెండు రాత్రులు రాసిన డైలాగ్‌ని టకటకా ఎంటర్ కొట్టి దాటేశాడు. నేను ముచ్చటపడి గీసిన మెట్రో స్టేషన్ వైపు చూడనే లేదు. నేను లోపలికి వెళ్ళడానికి ఏమీ పెట్టని జిరాక్స్ షాపు దగ్గర నిలబడి తలుపు కొడుతూనే ఉన్నాడు. నాలుక కొసదాకా వచ్చింది, 'అన్నా అది ఉత్త బొమ్మ' అని. మింగేశాను. మూడు నిమిషాల తర్వాత ఆయన వెనక్కి తిరిగి, "జిరాక్స్ షాపు బంద్ పెట్టి అశోక్ నగర్ అంటవేంది తమ్మీ?" అన్నాడు.

నిజమే కదా. పాత పేపర్లు, ప్రింట్ నోట్సు, అక్కడ లేనిది ఏముంది? ఇప్పుడు ఆ షాపు గేమ్‌లో అన్నిటికన్నా పెద్ద షాపు. తర్వాత ఆయన ఇంకోటి అన్నాడు. "లైబ్రరీల కుర్చీ గింత అలకగ దొరుకుతదా?" నా గేమ్‌లో ఎప్పుడెళ్ళినా కుర్చీ ఉండేది. ఇప్పుడు ఆలస్యమైతే ఉండదు, చెట్టు కింద కూర్చోవాలి, అక్కడ సగం పాయింట్లే వస్తాయి.

ఈ మాటల్లో ఒక్కటి కూడా కంప్యూటర్ సైన్స్ మాట కాదు. చాలామంది 'నాకు గేమ్‌ల గురించి ఏం తెలుసు, నేనేం చెప్తా' అంటారు. తెలియక్కర్లేదు. ఫలానా చోట ఇటు వెళ్ళాలనుకున్నా, వెళ్ళలేకపోయా. ఫలానా చోట విసుగొచ్చి ఫోన్ తీశా. ఫలానా మాట చదివి నవ్వా. ఇంత చాలు. మందు రాయనక్కర్లేదు, ఎక్కడ నొప్పో చెప్తే చాలు. మందు రాసేవాళ్ళు కూడా తగిలారు. ఒకతను మల్టీప్లేయర్ పెట్టమన్నాడు, ఒకతను బ్యాటిల్ రాయల్ చేయమన్నాడు. ఇంకొకతను తెలుగు తీసేసి ఇంగ్లిష్ పెడితే 'రీచ్' ఉంటుందన్నాడు. ఆ పదకొండు రోజులు గుర్తొచ్చి అతనికి జవాబివ్వలేదు.

చిన్నప్పుడు తాతయ్య నన్ను ఒక అష్టావధానానికి తీసుకెళ్ళాడు. పద్యాలు ఒక్కటీ అర్థం కాలేదు గానీ ఒకాయన బాగా గుర్తుండిపోయాడు. అవధాని గారు పాపం తల పట్టుకుని పద్యం అల్లుతుంటే మధ్యలో ఏదో సంబంధం లేని ప్రశ్న వేసి, సభంతా నవ్వించి, ఆయన ధార తప్పేలా చూస్తాడు. అప్రస్తుత ప్రసంగి. ఆయన్నెందుకు బయటికి పంపరని తాతయ్యని అడిగితే, ఆయన లేకపోతే అవధానమే కాదన్నాడు. ఎనిమిది మంది పృచ్ఛకులు అడ్డాలు పెడితేనే ఆయన అవధాని. చిక్కడపల్లి త్యాగరాయ గానసభ ముందు నుంచి నడిచినప్పుడల్లా నాకు ఆ అప్రస్తుత ప్రసంగి గుర్తొస్తాడు. గేట్లో నుంచి పోకుండా గోడలోంచి పోవడానికి ప్రయత్నించే ప్లేయర్ అచ్చం ఆయనే. అలాంటివాళ్ళు నాకు ఇప్పటికి ఇద్దరు దొరికారు. ఇంకా ఆరుగురు కావాలి.

ఇది మనలాంటి చిల్లర డెవలపర్ల గొడవే అనుకోకండి. 2023 ఆగస్టులో వచ్చిన బల్డర్స్ గేట్ 3 ఉంది కదా, మన హాస్టళ్ళలో సగం మంది నిద్ర పాడుచేసింది, దాని మొదటి అంకాన్ని లారియన్ వాళ్ళు 2020 అక్టోబర్‌లోనే జనం చేతిలో పెట్టారు. దాదాపు మూడేళ్ళు ఆడించుకుంటూ, వింటూ మార్చుకుంటూ వచ్చారు. ఇటు మన సైజువాళ్ళని చూస్తే, అండర్‌టేల్ చేసిన టోబీ ఫాక్స్ 2013లో ముందు డెమో వదిలాడు, పూర్తి గేమ్ 2015లో వచ్చింది. నేను వాడే ఆర్పీజీ మేకర్‌కే పాత వెర్షన్‌లో కాన్ గావ్ 'టు ది మూన్' చేశాడు, 2011లో. అది ఆడి ఏడవనివాళ్ళని నేను నమ్మను.

ఇంతమందిని అడిగాను కానీ మా అన్నని అడగలేదు. ఒకే రూమ్. మంచానికి మంచానికి మధ్య మూడడుగులు. అన్న నిద్రపోయాకే గేమ్ తెరిచేవాణ్ణి. హీరో ఎవరో ఆయనకి మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. చెక్స్ చొక్కా కూడా ఆయనదే గీశాను.

అన్న 2022 అక్టోబర్‌లో ప్రిలిమ్స్ రాశాడు. పేపర్ లీకైందని 2023 మార్చిలో అది రద్దయింది. జూన్‌లో మళ్ళీ రాశాడు. సెప్టెంబర్‌లో కోర్టు తీర్పుతో అదీ రద్దయింది. ఆ రోజు అన్న ఏమీ అనలేదు. కర్రీ పాయింట్ నుంచి పప్పు తెచ్చాడు, తిన్నాం, లైట్ తీసేశాడు. నేను ఆ రాత్రి గేమ్ తెరవలేదు.

సంక్రాంతి తర్వాత ఒక ఆదివారం నేను టిఫిన్ తెచ్చేసరికి అన్న నా లాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు. నేను మూయకుండా వెళ్ళిన తెర మీద ఆయన చొక్కా నడుస్తోంది. నేను ఇడ్లీ పొట్లం పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను. ఆయన తిరిగి చూడలేదు. రెండు గంటలు ఆడాడు. ఈసారి రూల్ అక్కర్లేకపోయింది, నాకు నోరు పెగల్లేదు.

బాస్‌ని గెలిచాడు. పోస్టింగ్ ఆర్డర్ వచ్చింది. తెర మీద పూలు పడ్డాయి. కాసేపు అలాగే చూసి, "మంచిగనే చేసినవ్‌రా" అన్నాడు. నేను ఊపిరి పీల్చుకునేలోపే, "ఒక రెండు చెప్పాల్నా?" అన్నాడు.

"చెప్పు."

"చదివితే లెవల్ పెరుగుతది, లెవల్ పెరిగితే గెలుస్తడు. గంతేనా? మధ్యల పరీక్షే లేకుండ పోతే?"

నేనేమీ అనలేదు.

"రెండోది. అమ్మ ఫోన్ చేస్తే హెచ్‌పీ యాభై పెరుగుతదని పెట్టినవ్. అమ్మ ఫోన్ చేస్తే పెరగదురా. తగ్గుతది."

నాకు కోపం వచ్చింది. నిజంగా వచ్చింది. ఇది గేమ్ అన్నా, నీ డైరీ కాదు, ఆడేవాళ్ళకి కాస్త సంతోషం ఉండాలి, అన్నాను. సరే నీ ఇష్టం, అని ఆయన ఇడ్లీ విప్పుకున్నాడు. రెండు రోజులు నేను గేమ్ ముట్టుకోలేదు. నిప్పు ఎమోజీలు పెట్టినవాళ్ళే నయమనిపించింది. ఫీడ్‌బ్యాక్ కావాలని ఊరంతా తిరిగినవాణ్ణి, ఇంట్లో దొరికితే తట్టుకోలేకపోయాను.

మూడో రోజు రాత్రి అమ్మ ఫోన్ చేసింది, అన్నకి. "తిన్న అమ్మా. ఆఁ. చదువుతున్న. ఏమో అమ్మా, వస్తదంటున్నరు నోటిఫికేషన్. ఆఁ." మూడడుగుల దూరంలో ఉండి ఇన్నేళ్ళూ విన్న మాటలే. పెట్టేశాక అన్న పుస్తకం తెరిచాడు. చాలాసేపు పేజీ తిప్పలేదు. అప్పటిదాకా నేను అది గమనించలేదు. నేను చూసేది అమ్మ నాకు చేసే ఫోన్లే. నాకు నిజంగానే పెరుగుతుంది.

ఇప్పుడు గేమ్‌లో అమ్మ ఫోన్ మోగితే రెండు ఆప్షన్లు వస్తాయి. ఎత్తితే హెచ్‌పీ తగ్గుతుంది. ఎత్తకపోతే తగ్గదు, కానీ మర్నాడు నాన్న చేస్తాడు. పరీక్ష రద్దయ్యే రోజు కూడా పెట్టాను. ఎప్పుడొస్తుందో నాకూ తెలియదు, రాండమ్. అది వచ్చిన రోజు లెవల్ తగ్గించాలా వద్దా అని వారం రోజులు కొట్టుకుని చివరికి అన్ననే అడిగాను. "లెవల్ తగ్గదురా. చదివింది ఏడ వోతది? పైసలు తగ్గుతయ్, వయసు పెరుగుతది" అన్నాడు. అలాగే పెట్టాను. ఆ వెర్షన్ ఆడిన పక్క రూమ్ అన్న రద్దు సీన్ దగ్గర లాప్‌టాప్ మూసి బయటికి వెళ్ళిపోయాడు. పాడైందనుకున్నాను. అరగంటలో రెండు టీలు పట్టుకుని వచ్చి మళ్ళీ తెరిచాడు.

2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చింది. జూన్ 9న ప్రిలిమ్స్. అప్పటిదాకా గేమ్ మాట ఎత్తొద్దని అన్న చెప్పాడు. చెప్పేముందు మాత్రం ఒక జిరాక్స్ కాగితం వెనక పెన్సిల్‌తో పద్నాలుగు పాయింట్లు రాసిచ్చాడు. టీ రేటు తప్పు. చిక్కడపల్లి మార్కెట్ నుంచి లైబ్రరీకి దారి అటు కాదు. దూరపు బాబాయి మరీ మంచివాడిలా ఉన్నాడు. ఇలా. పన్నెండు చేసేశాను. తొమ్మిదో నంబర్ ఎదురుగా 'ఎండింగ్' అని రాసి, గీత కొట్టి, పక్కన 'తర్వాత చెప్తా' అని రాశాడు. పద్నాలుగోది అక్షరం అర్థం కావట్లేదు, అడగడానికి వీల్లేదు.

కొత్త వెర్షన్ లింక్ క్లబ్ గ్రూప్‌లో పెట్టాను. ఫాంట్ లోపలే ఉంది. వాచ్‌మన్ తిరిగి డ్యూటీలో చేరాడు, గేటుకి ఎడమ పక్కన స్టూల్ మీద కూర్చుని ఉంటాడు, ముందు ఆయనతో మాట్లాడండి. ఎక్కడ ఆగిపోయారో చెప్పండి. సారీలు వద్దు.